కామాల మూర్తిగారు

బందరులో లెక్కలు చెప్పే గోపాలకృష్ణమూర్తిగారికి కామా లేని సంఖ్య కనబడితే చెయ్యి ఊరుకోదు. గిలకలదిండి చేపల లారీ మీది ఫోన్ నంబరుకైనా గాలిలో వేలితో కామాలు పెట్టి లక్షలు, కోట్లు విడదీస్తారు. కొత్తగా చేరిన లెక్కల టీచరు హైమ చుట్టూ పిల్లలు మూగినప్పుడు మాత్రం ఆ వేళ్లు కళ్లజోడు తుడుస్తూ ఉండిపోతాయి.

ఆవేళ ప్రధాన సంఖ్యో కాదో తేల్చమని పిల్లలు స్టాఫ్‌రూమ్ బోర్డు మీద ముప్పై అయిదు అంకెల సంఖ్య రాసి వెళ్లారు. ఆయన వరసగా కామాలు పెట్టి, మూడుతో, ఏడుతో, పదకొండుతో భాగించి చూసి, "ప్రధాన సంఖ్యే. దీన్ని విడగొట్టేవాడు పుట్టలేదు" అన్నారు. పెడనలో కలంకారీ అద్దేవాళ్ల ఇంట పుట్టిన హైమ లేచి కామాలన్నీ తుడిచేసింది. "ఏడంకెల అచ్చు ఒక్కటేనండీ. దాన్నే పక్కపక్కన అయిదుసార్లు అద్దారు. ఆ ఏడంకెల సంఖ్యతో భాగిస్తే శేషం మిగలదు."

నిజమే. తను పెట్టిన కామాలే అచ్చును ముక్కలు చేసి దాచేశాయి. మధ్యాహ్నం క్లాసులో మూర్తిగారు ఆ కిటుకును తన సొంతంలా చెప్పారు.

"తెలుసు సార్," అంది ముందు బెంచీ అమ్మాయి. "దాన్ని మీరే విడగొట్టారని హైమ మేడమ్ ఇందాకే చెప్పారు."

ఆయన బోర్డు వైపు తిరిగి, ఆ సంఖ్యకు మళ్లీ కామాలు పెట్టసాగారు.