చప్పుడు లేని కారులో రాజ్‌హరా దాకా

మా డాక్టరమ్మకు నడుము నొప్పి లేకపోతే ఈ ప్రయాణమే ఉండేది కాదు. ఆమెది కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. భిలాయి సెక్టర్ 2లో పుట్టి పెరిగి, ఇక్కడే నర్సింగ్ హోమ్ నడుపుతున్నారు. వారానికి రెండుసార్లు దల్లీ రాజ్‌హరా గనుల ఊరికి వెళ్లి రోగులను చూసి వస్తారు. ఆమె పాత కారుకు ఇంకా మధ్యప్రదేశ్ నంబరే ఉంది. రాష్ట్రం మారింది, రోడ్డు కొంత మారింది, ఆ కారు సీటు మాత్రం మారలేదు. అందుకని పెద్ద సెడాన్ కొనాలనుకున్నారు. ఆమెకు నచ్చిన మోడల్‌ను కంపెనీ పూర్తిగా మార్చి రెండు రకాలుగా తెచ్చింది. ఒకటి మామూలు పెట్రోలు, ఇంకొకటి పెట్రోలుతో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉన్న హైబ్రిడ్. "రెండింట్లో ఏదో నువ్వే చెప్పు" అన్నారు నాతో. ఇక్కడే క్యాంప్ 2 బస్తీలో నాకు చిన్న గ్యారేజీ ఉంది. చదువు ఏడో తరగతితో ఆగిపోయినా మాన్యువల్స్ ముందు పెట్టుకుని పని నేర్చుకున్నాను. ఏ బండి ఎంత తిరిగిందో, ఎంత తాగిందో రోజూ ఒక పుస్తకంలో రాసిపెట్టుకునే అలవాటు ఉంది. ఆమె నమ్మింది నన్ను కాదు, ఆ పుస్తకాన్ని.

ఏ కారు కొన్నా నడపాల్సింది మా బావ సింహాచలం. మా అప్ప, అంటే అక్క, భర్త. ఉక్కు ప్లాంటు రోలింగ్ మిల్లులో ఇరవై ఆరేళ్లు క్రేన్ నడిపి బయటికి వచ్చాక డాక్టరమ్మ దగ్గర డ్రైవరుగా చేరాడు. స్టీరింగ్ ముందు కూర్చునే ముందు చెప్పులు విప్పి సీటు కింద పెడతాడు. విజయనగరం వైపు మనిషి, పేరు సింహాచలం. అది అప్పన్న స్వామి మొక్కని అందరం అనుకున్నాం. మొక్కు గురించి మనిషిని గుచ్చి అడగరు కదా, మేమూ అడగలేదు.

రాయ్‌పూర్ షోరూమ్ నుంచి తివారీ గారు, మేం రాజ్‌హరా దాకా నడిపి చూడ్డానికని, ఇంకో డ్రైవరుతో రెండు కార్లూ తెచ్చి, ఆ డ్రైవరును వెనక్కి పంపేశారు. ఏడుంపావుకు బయలుదేరి దుర్గ్‌లో రెండు ట్యాంకులూ మూత దాకా నింపించాం. తివారీ గారు హైబ్రిడ్ డిక్కీలో డాక్టరమ్మ మందుల పెట్టె పడుతుందో లేదో సర్ది చూస్తూ, "బండి ఆగినప్పుడు ఇంజన్ దానంతట అదే ఆగిపోతుంది, కంగారు పడకండి" అని హిందీలో చెప్పారు. బావ కారు ముందు వైపు నిలబడి, అటు తిరిగి అద్దం తుడుస్తున్నాడు. తల ఊపినట్టు కనిపించింది.

డాక్టరమ్మ ఆ రోజు రాలేదు. వెళ్లేటప్పుడు నేనూ బావా పెట్రోలు కారులో, తివారీ గారు వెనక హైబ్రిడ్‌లో. రెండిటికీ గేర్లు వాటంతట అవే మారతాయి. పాత మోడల్ కంటే వెనక సీటులో కాళ్లకు జానెడు చోటు పెరిగింది. గుంతలో పడితే దెబ్బ నడుముకు రాకుండా మెత్తగా మింగేస్తుంది. కింది భాగం మాత్రం నేలకు దగ్గర. దారిలో గుండర్‌దేహీ ఊరి లోపల స్పీడ్ బ్రేకర్లు రెండు సార్లు గీసుకున్నాయి. బావ హుషారుగా ఉన్నాడు. "ఏటి బామ్మర్దీ, గుర్రం మంచిదే. బ్రేకు మీంచి కాలు తీస్తే మెల్లగా జారతాది సూడు, మా మిల్లులో రోలర్ల మీద కడ్డీ జారినట్టు" అన్నాడు.

గుండర్‌దేహీలో టీ మూడు రూపాయలు. మేం తాగుతుండగా హైబ్రిడ్ వచ్చి పక్కన ఆగింది. టీ కొట్టాయన గిన్నె వదిలేసి వెనక్కి గెంతాడు. "అరే భయ్యా, ఏ తో బిల్లీ జైసే ఆయీ" అన్నాడు. పిల్లిలా వచ్చిందని. అందరం నవ్వాం. మేం నవ్వడం చూసి బావ కూడా నవ్వాడు.

బాలోద్ మీదుగా పదింటికి రాజ్‌హరా చేరాం. చివరి ఇరవై కిలోమీటర్లు లారీలు ఎర్ర దుమ్ము లేపుతాయి, అద్దాలు దించకండి. బస్టాండు పక్క హోటల్లో ముప్పై రూపాయలకు అన్నం, పప్పు, రెండు కూరలు పెడతారు. అన్నం మాత్రం పన్నెండు దాటాకే దొరుకుతుంది. తిరుగు ప్రయాణంలో కార్లు మార్చుకున్నాం. బావ హైబ్రిడ్ ఎక్కి అరికాలితో కింద తడిమాడు, కాసేపటికి మళ్లీ తడిమాడు. "ఇది నాకు సమజ్ కావట్లేదు" అన్నాడు. అలవాటు పడతావులే అన్నాను.

బాలోద్ దాటాక ఒక రైల్వే గేటు పడి ఉంది. మా ముందు నాలుగైదు సైకిళ్లు. అందరికంటే వెనక ఒక ముసలాయన, క్యారియర్ మీద బియ్యం బస్తా, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. బావ బ్రేకు తొక్కి ఆపాడు. ఇంజన్ ఆగిపోయింది. అర నిమిషం తర్వాత బావ కిందికి చూశాడు.

"ఆగిపోనాది" అన్నాడు.

నేను మీటరు చూసి అంకెలు రాసుకుంటున్నాను. "అదంతే బావా, ఏం కాలేదు" అన్నాను, తల ఎత్తకుండా. క్రేన్ మీద మోటారు చచ్చిపోతే దిగి చూడటం అతని ఇరవై ఆరేళ్ల పద్ధతి. గేరు తీయకుండానే తలుపు తెరిచాడు. కుడికాలు బ్రేకు మీంచి తీసి రోడ్డు మీద పెట్టాడు.

కారు కదిలింది.

"బావా, బ్రేకు" అని అరిచాను. అతను బానెట్ వైపు చూస్తున్నాడు. ఇంకోసారి అరిచాను. రెండడుగుల దూరంలో ఉన్న మనిషికి నా అరుపు చేరలేదు. ముందున్న వాళ్లూ ఎవరూ తిరగలేదు, నా అరుపు తమ కోసమని తెలియడానికి కారు చప్పుడేదీ? పుస్తకం వదిలేసి హ్యాండ్ బ్రేకును రెండు చేతులతో పైకి లాగాను. సైకిల్ వెనక చక్రాన్ని తాకి కారు నిలబడింది. బస్తా పక్కకు జారి ముసలాయన కాలి పక్కనే పడింది.

ఆయన వెనక్కి తిరిగి కారునూ నన్నూ చూసి, "హారన్ నఇ హే కా, బాబూ?" అని అడిగాడు. హారన్ లేదా అని. కోపం కూడా లేదు గొంతులో. దిగి బస్తా ఎత్తి కట్టాను. ముడి రెండుసార్లు జారింది.

తివారీ గారు బంపరు చూసుకుంటుంటే బావను చెట్టు నీడలోకి తీసుకెళ్లాను. ముందు నేను నడుస్తూ, వెనక్కి తిరగకుండా, మామూలు గొంతుతో, "బావా, అప్ప ఫోన్ చేసింది" అన్నాను. జవాబు లేదు. అప్పుడు తిరిగి అతని ముఖంలోకి చూశాను.

"ఎన్నాళ్ల నుంచి?"

అతను నా పెదాలనే చూస్తున్నాడు. "మిల్లులో ఉన్నప్పుడే మొదలైంది. కుడి సెవి పూర్తిగా పోనాది. ఎడమది, ముఖం సూస్తే కొంత."

"మరి బండి ఎలా నడుపుతున్నావు?"

"అరికాలు సెప్తాది. ఇంజను ఏం సేస్తందో, ఏది తేడాగా ఉందో అన్నీ. ఎనక ఎవుడొస్తున్నాడో అద్దం సెప్తాది."

"అప్పన్న మొక్కు అన్నావు కదా."

"నానన్నేదు. మీరే అన్నారు. నాను కాదన్నేదు."

గేటు లేచింది. మేం కదల్లేదు. "పెట్రోలుదే మంచిదని సెప్పేయి" అన్నాడు బావ. "అబద్ధం కాదు కదా. ఇంట్లో కూకుంటే మీ అప్ప మాట కూడా నాకు ఇనపడదు. స్టీరింగ్ కాడుంటేనే నానొక మనిసిని."

అక్కడి నుంచి నేనే నడిపాను. దుర్గ్‌లో మళ్లీ మూత దాకా నింపిస్తే లెక్క తేలింది. రాను పోను పెట్రోలుది లీటరుకు పదకొండు కిలోమీటర్లకు కొంచెం తక్కువ, హైబ్రిడ్‌ది పదిహేనున్నర. బ్యాటరీ వల్ల హైబ్రిడ్ డిక్కీ చిన్నది, మందుల పెట్టె అడ్డంగా పెడితేనే పడుతుంది. పెట్రోలుదే మంచిదని రాయడానికి ఆ డిక్కీ ఒక్కటి చాలు. దారంతా నా తలలో అదే తిరిగింది. కానీ గేటు దగ్గర అరిచింది నేను. పెట్రోలు కారులో ఉన్నా ఆ అరుపు అతనికి వినిపించేది కాదు.

అయిదున్నరకు డాక్టరమ్మ ఇంటికి చేరాం. నేను పుస్తకంలోంచి ఎత్తి రాసి ఇచ్చిన కాగితాన్ని ఆమె నిలబడే చదివారు. అందులో రెండు కార్ల సంగతే ఉంది. బావ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"హైబ్రిడ్ తీసుకుందాం అయితే" అన్నారు ఆమె, కాగితం మీంచి చూపు ఎత్తకుండా. "ఏం సింహాచలం అన్నా, నీకు నచ్చిందా?"

బావ పలకలేదు. ఆమె తల ఎత్తారు. బావ నన్ను చూస్తున్నాడు.

"ఆయనకు వినపడలేదు డాక్టరమ్మా" అన్నాను. "ఈ రోజే కాదు."

నా పెదాలు అతను చదివాడు. బయటికి వెళ్లాడు. కారు తలుపు తీసి, సీటు కింద నుంచి చెప్పులు తీసి, మెట్ల మీద కూర్చుని వేసుకున్నాడు. డాక్టరమ్మ వెళ్లి ఎదురుగా నిలబడి, ముఖం కనిపించేలా వంగి, "మొక్కు తీరిందా అన్నా?" అని అడిగారు.

"మొక్కు నేదమ్మా" అన్నాడు. పాత కారు తాళాలు జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"రేపు ఆరింటికి కాదు, తొమ్మిదికి రా" అన్నారు ఆమె. "డ్యూటీకి కాదు. చెవులు చూపించుకోవడానికి. ఇన్నేళ్లు నీ వెనకే కూర్చున్నాను, డాక్టర్నై ఉండి. తప్పు నాది కూడా."

ఇది జరిగి రెండు నెలలు. ఎడమ చెవికి వినికిడి మిషన్ పెట్టారు. స్టీరింగ్ మాత్రం బావకు తిరిగి రాలేదు, వస్తుందని నేనూ అనుకోవడం లేదు. కొత్త హైబ్రిడ్‌కు ఇంకో డ్రైవరు వచ్చాడు. బావ పొద్దున్నే వెళ్లి టైర్లలో గాలి చూస్తాడు, బానెట్ మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడతాడు. నాతో పది రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం గ్యారేజీకి వచ్చి, నేను విప్పిన ఇంజన్ పక్కన కూర్చుని, "మీ అప్ప గొంతు ఇంత సన్నమని మర్సిపోనాను" అన్నాడు. డాక్టరమ్మకు చెప్పి మంచి పని చేశానో లేదో ఆ మాటతో తేలిపోలేదు. పుస్తకంలో ప్రయాణం రోజు పేజీలో, కిలోమీటర్ల కింద, ఆ సంగతి తేలాక రాద్దామని ఒక వరుస ఖాళీగా వదిలాను, ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఇలాంటి కారులో ఈ దారిన వెళ్లేవారికి ఒక్క మాట. గేటు దగ్గర ఆగినప్పుడు మీ చెవినీ కాలినీ నమ్మకండి. ఇంజన్ ఆగినా బండి సిద్ధంగా ఉందని చెప్పే దీపం ముందు వెలుగుతూనే ఉంటుంది. ముందు గేరును పార్కింగ్‌లోకి మార్చి, హ్యాండ్ బ్రేకు లాగాకే కాలు తీయండి.