గొళ్ళెం పెట్టి రాసిన మాట

చెప్పేస్తాను. మళ్ళీ మనసు మార్చుకోకముందే ఈసారి చెప్పేస్తాను! ఇన్నేళ్ళుగా గుండెల మీద బండలా మోస్తున్న మాట ఇది. మా ఆయనకు తెలియదు, మా అమ్మకు తెలియదు. మీకే మొదట. మీరెవరో నాకు తెలియకపోవడమే మంచిదయింది.

కోటబొమ్మాళిలో మాకు బట్టల కొట్టు ఉంది. కొట్టు వెనకాలే ఇల్లు. మా బాబుకు మెడ నిలవదు, మాట రాదు. అరుపు మాత్రం వచ్చు. మా బాబులాంటి పిల్లలున్న తల్లిదండ్రుల గ్రూపు ఒకటుందని, నెట్ చవగ్గా వచ్చిన కొత్తలో ఫోన్లో చూశాను. సొంత పేరు పెట్టడానికి మనసొప్పలేదు. "అమ్మ మనసు" అని పెట్టుకుని, ఫొటో బదులు గులాబీ పువ్వు తగిలించాను. ఎంత సంబరమో చెప్పలేను! ఊళ్ళో నా మాట వినేదెవరు? అందరూ "పాపం" అని పక్కకు తప్పుకునేవాళ్ళే. అక్కడ నేనొక మాట రాస్తే జనం ఎగబడి లైకులు కొట్టేవారు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఫోన్ వదిలేదాన్ని కాదు.

పేరు బయటపడకూడదనుకున్నవాళ్ళు గ్రూపు నడిపేవాళ్ళకు రాసి పంపితే, వాళ్ళు పేరు లేకుండా పెట్టేవారు. ఒకరోజు అలాగే ఒక తల్లి గోడు వచ్చింది. తెల్లారకముందే చేపల కోసం ఒడ్డుకు పోవాలట. ఇంట్లో ఇంకెవరూ లేరట. కూతురు మోచేతుల మీద పాకుతూ ఎటు పోతుందో తెలియక, మెత్తటి పాత చీరతో నడుముకు కట్టి, గుంజకు ముడేసి పోతోందట. ఇది తప్పా అని అడిగింది.

అంతే, నాకు పూనకం వచ్చింది. "నువ్వు తల్లివా, రాక్షసివా? కుక్కను కట్టినట్టు కడతావా? నీలాంటిదాన్ని పోలీసులకు పట్టించాలి" అని రాసేసి, ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాను. లైకులే లైకులు! బాగా గడ్డి పెట్టారని ఒకరు, తల్లంటే మీరేనని ఇంకొకరు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి. నేనది రాస్తున్నప్పుడు మా బాబు వెనక గదిలో ఉన్నాడు. బయట నుంచి గొళ్ళెం పెట్టి ఉంది. వాడి అరుపులు కొట్లోకి వినపడితే బేరాలు పోతాయని రోజూ నేను చేసే పనే అది. ఆవిడ కనీసం ఇది తప్పా అని అడిగింది. నేనెప్పుడైనా ఎవరినైనా అడిగానా? మరి ఆవిడను తిడుతుంటే నాకెందుకంత హాయిగా ఉంది? ఆవిడకంటే నేను మంచి తల్లినని ఎవరో ఒకరి చేత అనిపించుకోవాలి, అందుకేనా? అందుకే.

గౌరి అని ఒక పిల్ల ఉంది. అసలు పేరు అది కాదు. పిల్లల్ని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళే ప్యాసింజర్ రైల్లో మాకు పరిచయం. తను నౌపడలో ఎక్కి నాకు చోటు ఆపేది. మొగుడు గుజరాత్ బోట్ల మీద చేపల వేటకు, తను చేపల గంపతో ఊళ్ళ వెంట. నన్ను సొంత అక్కను పిలిచినట్టు "అప్పా" అనేది. కొన్నాళ్ళు కనబడలేదు. మళ్ళీ కనబడిన రోజు కూతురి చేతికి పెద్ద కట్టు ఉంది.

"ఏటైందే?" అన్నాను.

"పొయ్యికాడికి పాకిపోనాదప్పా. నిప్పుల్లో సెయ్యెట్టీసినాది. ఇదివరకు గుంజకి కట్టీసి ఎల్లేదాన్ని. గ్రూపులో ఎవులో రాక్షసివన్నారు. నిజమే గావాలనుకుని కట్టడం మానీసినాను." పిల్ల తల నిమురుతూ నా వైపు చూసింది. "కడితే రాక్షసిని. కట్టకపోతే ఇలగయ్యింది. సదువుకున్నదానివి, ఏటి సెయ్యాలో నువ్వే సెప్పప్పా."

"ఎవులో పనీపాటా లేనోలు రాస్తారు. ఒగ్గీ" అన్నాను.

గొంతు తడబడనైనా లేదు! రాసింది నేనని చెప్పే ధైర్యం లేకపోతే పోనీ, నేనూ గొళ్ళెం పెడతానే అని ఒక్క మాట అంటే గౌరి ఎంత ఊరటపడేది? ఆ మాటకే నోరు పెగల్లేదు. పైగా ఇంటికొచ్చి ఏం చేశానో తెలుసా? ఆ రాత కింద కొత్తగా ఎన్ని లైకులొచ్చాయో చూసుకున్నాను. ఆ తర్వాతే సిగ్గేసి దాన్ని తుడిచేశాను.

గౌరి కూతురి చెయ్యి మానింది కానీ వేళ్ళు ముడుచుకుపోయాయి. వచ్చిన ఆ కాస్త పాకడం కూడా పోయింది. ఇప్పుడు గౌరి దాన్ని కట్టాల్సిన పని లేదు.

క్షమించమని అడగను. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? ఇప్పుడు కూడా పేరు పెట్టలేదు చూశారా, నా బుద్ధి అంతే. అయినా రాసేశాను! ఊపిరి హాయిగా ఆడుతోంది. ఇలాంటి తల్లుల గోడు ఎక్కడ కనబడినా గౌరి చదువుతుంది. చదవాలనే ఉంది నాకు, చదువుతుందేమోనని భయంగానూ ఉంది.

గౌరీ, ఆ మాట రాసింది ఎవులో కాదే. నేనే.