కాఫీకి ముందు గంట

వీధంతా వదినా అని పిలిచే కుట్టుపని ఆవిడ, లేస్తూనే కాఫీతో థైరాయిడ్ మాత్ర మింగేది. ఇప్పుడు మంచినీళ్లతో వేసుకుని, గంట దాకా కాఫీ జోలికి పోదు. అంతకుముందు కాఫీతోనే ఆరు నెలలు మందు వాడినా మిషను మీదే తూగుతుంటే, ఇక కుట్టుపని మానాల్సిందేనని బెంగపెట్టుకుంది. సంగతి విన్న డాక్టరమ్మ, "కాఫీతో వేసుకుంటే మందు ఒంటికెలా పడుతుందమ్మా?" అని నవ్వింది. మొన్నటి రక్తపరీక్షలో థైరాయిడ్ అంకె దిగి దారికొచ్చింది. వదిన కాళ్లు మళ్లీ మిషనును పరుగులు పెట్టిస్తున్నాయి.

మాత్రకీ కాఫీకీ మధ్య ఆ గంటలో రోజూ అంట్లు తోమేది. ఇవాళ గుమ్మంలో కాళ్లు చాపుకుని, తీరిగ్గా జుట్టు చిక్కు తీసుకుంటూ కూర్చుంది. భర్త వంటింట్లోకి తొంగిచూశాడు.

"అంట్లు అలాగే ఉన్నాయేంటే?"

"మాత్ర వేసుకున్నాను కదండీ."

"అంట్లు కూడా తోమొద్దందా డాక్టరమ్మ?"

"ఆవిడ అనలేదు, నేనే అంటున్నా" అని వదిన కాళ్లు ఇంకాస్త చాపింది.