నలభై కంది గింజలు

దయ్యం పట్టిందని తీసుకొచ్చిన ఆడవాళ్లకు జ్వరం మందిచ్చి పంపినదాన్ని నేను. వార్డులో తెల్లచీర ముసలమ్మ తిరుగుతోందని ఆయాలు వణికితే, "మీ ముఖం, పోయి పని చూసుకోండి" అని కసిరేదాన్ని. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. అందుకే ఈ సంగతి నాకు మరీ మింగుడు పడదు.

హైదరాబాదు మీద పోలీసు చర్య జరిగి అప్పటికి పదేళ్లయి ఉంటుంది. వికారాబాదులో ఓ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. పెద్దేముల్ నుంచి మొగులయ్య, అనంతమ్మ అనే కూలి దంపతులు నాలుగేళ్ల కూతురు లచ్చిమిని తెచ్చారు. కంఠసర్పి. గొంతులో పొర కట్టి ఊపిరాడడం లేదు. అంతకుముందు ఇద్దరు పిల్లలు పోయారట. మిగిలింది ఇదొక్కతే.

డాక్టరు గొంతుకు కోత పెట్టి గొట్టం వేశారు. తొమ్మిది రోజులు ప్రత్యేక గదిలో ఉంచాం. అక్కడ రాత్రింబగళ్లు ఒక నర్సు మంచం పక్కనే కూర్చుంటుంది. పదో రోజు గొట్టం తీసేసి పెద్ద వార్డుకు మార్చాం. అక్కడ ముప్పై మంచాలకు నేనొక్కదాన్నే.

సంతోషిస్తారనుకున్నాను. అనంతమ్మ నా కాళ్ల మీద పడింది.

"గా అర్రల గడియగడియకు సూసేటోళ్లుండిరి సిస్టరమ్మా. గీడ నా బిడ్డను ఎవరు సూస్తరు? ఇంకొక్క దినం ఆడనే ఉండనియ్యి."

ఆ గదిలోకి అప్పటికే ఇంకో పిల్లను తెచ్చేశారు. నాకు విసుగూ వచ్చింది, జాలీ వేసింది. చేతికి పనుంటే భయం తగ్గుతుందని ఒక పని చెప్పాను. ఆమెకు లెక్క రాదు. మొగులయ్య తాండూరు ధాన్యం గంజ్‌లో బస్తాలు మోసేవాడు, వాళ్ల మూటలో కందులున్నాయి. నలభై గింజలు ఏరి ఇచ్చాను. గోడ గడియారం పెద్దముల్లు ఒక గీత జరిగేలోపు ఊపిరికో గింజ గిన్నెలో వెయ్యమన్నాను. ముల్లు జరగకముందే గింజలు అయిపోతే పరిగెత్తుకు రమ్మన్నాను. మిగిలితే మంచిదే అన్నాను. మరీ ఎక్కువ మిగిలితే ఏం చెయ్యాలో చెప్పలేదు. నాకు తోచనేలేదు.

మొగులయ్య కూలికి తాండూరు వెళ్లిపోయాడు. రెండు రోజులు ఆ తల్లి రెప్ప వాల్చలేదు. మూడో రోజు సాయంత్రం నాలుగింటికి నేను వెళ్లేసరికి గింజలు వేస్తూనే ఉంది. ముఖంలో మొదటిసారి నవ్వు చూశాను.

"గింజలు మస్తు మిగులుతున్నయ్ సిస్టరమ్మా. నిమ్మలంగ పండుకున్నది."

పిల్ల గోడవైపు తిరిగి ఉంది. దుప్పటి మీదుగా వీపున అరచెయ్యి ఆనించి, రెండో చేతిలోని గడియారం చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టాను. అరచేతి కింద వీపు లేచింది, దిగింది. లేచిన ప్రతిసారీ గిన్నెలో ఒక గింజ పడింది. ఇరవై నాలుగు. పిల్ల కేసు చీటీలో రాశాను.

అంతలో డాక్టరు రౌండ్సుకు వచ్చి దుప్పటి తీశారు. ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. ప్రాణం పోయి మూడు గంటలైనా అయి ఉంటుందన్నారు. ఆ జబ్బు తగ్గుతున్నప్పుడే ఒక్కోసారి గుండె ఆగిపోతుంది, అది నాకూ తెలుసు. కానీ నేను లెక్కపెట్టి పది నిమిషాలు కూడా కాలేదు.

గింజల చప్పుడుకు నా చెయ్యి మోసపోయిందేమో అని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఆ తర్వాత ఎందరో పిల్లల వీపుల మీద చెయ్యి పెట్టాను. ఒక్కసారీ అలా జరగలేదు.

పక్క మంచాల వాళ్లు అనంతమ్మను తిట్టడం మొదలుపెట్టారు. పిల్ల పోయింది కూడా చూసుకోలేదు, ఇదేం తల్లి అని. ఆమె ఏడవలేదు. వచ్చి నా కొంగు పట్టుకుంది.

"నువ్వు గూడ లెక్కవెట్టినవు గద సిస్టరమ్మా. జర చెప్పు వీళ్లకు. ఊపిరాడింది గద?"

డాక్టరు నా వైపు చూశారు. చీటీ నా చేతిలోనే ఉంది. ఉద్యోగం పోతుందని భయమేసింది, పిచ్చిదాన్నంటారని సిగ్గేసింది.

"లేదమ్మా, నేనింకా లెక్కపెట్టలేదు" అన్నాను.

ఆమె కొంగు వదిలేసింది. ఆ సాయంత్రం నా చేతి కింద కదిలిందేమిటో ఇవాళ్టికీ చెప్పలేను. ఆ తల్లికి మాత్రం అవును అనే ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.