పేట విప్పి చూసిన పైవాడి గుండె

రేవులో అందరూ అతణ్ణి పైవాడనే పిలిచేవారు. పెద్ద క్రేన్ నడిపే మనిషి మరి! అల్లాటప్పా పనివాడు కాడు. ఓడలోంచి రైలింజను ఎత్తి, చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు పట్టాల మీద దించిన చెయ్యి అది. గాలివానలో కట్టు తెగి ఊగుతున్న దుంగల మోపును, కింద ఒక్క తలకాయకూ తగలకుండా ఒడ్డు చేర్చిన ఘనతా అతనిదే. రేవు నడిపే పెద్దదొర అంతటివాడు నలుగురిలో దిగివచ్చి అతనితో చేయి కలిపాడు. ఇక ఇనుప తాళ్ల సంగతి చెప్పేదేముంది! ఎంత నిగనిగలాడే తాడునైనా నమ్మడు. "పైమెరుపు చూసి మురిసేవాడు పెళ్లిచూపులకు పనికొస్తాడు గానీ క్రేనుకు పనికిరాడు" అంటూ ఇనుప పుల్లతో తాడు పేట విప్పి, లోపల తుప్పు కనిపిస్తే అక్కడికక్కడే నరికించేవాడు.

మనుషుల్నీ అలాగే నరికాడు. రెండో క్రేన్ నడిపే సొంత బామ్మర్దికి గుండెలో స్టెంటు వేశారు. వాడింకా ఆసుపత్రి మంచం దిగనేలేదు, పైవాడు మేనేజరు గదికెళ్లి, గుండెజబ్బు మనిషిని క్రేన్ ఎక్కించకూడదని తేల్చేశాడు. ఆ మాటే రేవులో కట్టుబాటైంది. బామ్మర్ది గేటు దగ్గర కాపలా కుర్చీలో పడ్డాడు.

"ఏరా, గేటు తీయగలవా? గుండె జారుతుందేమో, పట్టుకుని తియ్యి!" రోజూ పైవాడి పలకరింపు ఇదే. వెనకాల వచ్చే కూలీలు విరగబడి నవ్వేవారు. బామ్మర్ది గేటు తీసేవాడు.

అలాంటి పైవాడికి ఒకనాడు క్రేన్ మెట్ల సగంలో రొమ్ము పట్టేసింది. గ్యాసన్నాడు. భార్య వినలేదు. తమ్ముణ్ణి తోడు తీసుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది.

మణికట్టులోంచి గుండె నాళాల్లోకి సన్నని గొట్టం పంపారు. మెలకువగానే ఉన్నాడు, తెర వంకే చూస్తున్నాడు. రంగుమందు ఎక్కించగానే నాళాలు నల్లగా, నున్నగా కనిపించాయి.

"చూశారా డాక్టరుగారూ, పామువెన్నులా నున్నగా ఎలా ఉన్నాయో! బయట మా బామ్మర్ది ఉన్నాడు, పిలిచి చూపించండి. కుళ్లి చస్తాడు."

"మొదట్లో ఉన్న పెద్ద నాళం మీద నాకు అనుమానంగా ఉంది పెద్దాయనా. ఈ బొమ్మలో రక్తం పారే దారే తెలుస్తుంది, గోడ తెలియదు. లోపలికి చిన్న అల్ట్రాసౌండ్ పరికరం పంపి చూద్దాం."

"పైకి బాగానే ఉందిగా! ఎందుకండీ కెలకడం?"

అనేశాక ఆ మాట అతనికే ఎక్కడో విన్నట్టు తోచింది. ఎందరు మేస్త్రీలు తన ముందు తాడు పట్టుకుని ఇలాగే బతిమాలలేదు!

"చూడకుండా మీరు క్రేన్ ఎక్కవచ్చని నేను సంతకం పెట్టను," అన్నాడు డాక్టరు.

"సరే, కానివ్వండి."

పరికరాన్ని మెల్లగా వెనక్కి లాగుతుంటే తెర మీద గుండ్రని బొమ్మలు వరసగా వచ్చాయి, తాడును ఎక్కడికక్కడ అడ్డంగా కోసి చూపినట్టు. నడుమ నల్లని దారి, చుట్టూ బూడిదరంగు కొవ్వు మేట. పెద్ద నాళం దగ్గరికొచ్చేసరికి దారి కుంచించుకుపోయింది. ఒక పక్క తెల్లగా తళుక్కుమంది.

"ఆ మెరిసేదేంటండీ?"

"సున్నంలా గట్టిపడిపోయింది. మేట నాళం పొడవునా ఒకేలా పేరుకుంది, అందుకే రంగుమందు బొమ్మలో నున్నగా కనబడింది. రొమ్ము తెరిచి ఆపరేషన్ చేయాల్సిందే. క్రేన్ మాట మరిచిపోండి."

వార్డులోకి తెచ్చి పడుకోబెట్టాక, పైవాడు భార్యను మంచినీళ్లకు పంపి బామ్మర్దిని దగ్గరికి రమ్మన్నాడు. బుద్ధెరిగాక గొంతు తగ్గించి మాట్లాడటం అదే మొదలు.

"ఒరేయ్, మీ అక్క మీద ఒట్టు, రేవులో చెప్పకు. హెర్నియా ఆపరేషన్ అని చెప్పుకుంటాను. ఇంకో డాక్టరు చేత సంతకం పెట్టించుకుని మళ్లీ ఎక్కుతాను. అది దిగితే నేనెవణ్ణిరా?"

"రొమ్ము మీద కోతతో హెర్నియానా బావా? నీకు అన్నీ పైనే ఉంటాయి కాబోలు!"

"నవ్వకురా. చెప్పనని మాటివ్వు."

బామ్మర్ది అతని పాదాల మీదికి దుప్పటి లాగి, అంచు పరుపు కిందికి దోపాడు.

"డాక్టరు మాకు చెప్పగానే మేనేజరుకు ఫోన్ చేసేశా బావా. నేను మంచం దిగేదాకా నువ్వు ఆగావా ఏంటి?"

పైవాడు లేవబోయి, మళ్లీ దిండు మీదికి వాలిపోయాడు.

"గేటు దగ్గర నా పక్కనే ఇంకో కుర్చీ వేయమన్నాను. చేతులున్నదే అడిగాలే. లేవడానికి నీకు ఆసరా ఉండాలిగా."

ఇంతలో భార్య నీళ్ల సీసాతో వచ్చింది. "ఏంటండీ అలా ఉన్నారు? వీడేమైనా అన్నాడా?"

"ఏం లేదక్కా," అన్నాడు బామ్మర్ది, "బావ ఉద్యోగం గురించి."