గురువారమే గడప దాటిన సంచి

2022 వేసవి. హిందూపురం బస్టాండు పక్క సందులో, జిరాక్సు అంగడి పైగదిలో నా ఆఫీసు. ఆఫీసంటే ఒక బల్ల, కుర్చీలు, గోడకు క్యాలెండరు, కొక్కేలకు వేలాడే తాళంచెవులు. నేను బాడిగ ఇళ్ళ బ్రోకరుని. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. బ్రోకరనగానే మూతి విరిచేవాళ్ళే ఇల్లు కావలసినప్పుడు నాకన్నా ముందొచ్చి నా గది మెట్ల మీద కూర్చుంటారు. ఐదో తరగతితో బడి మానేసి, శెనక్కాయల పొట్లాల కాగితాలు చదివి ఇంగ్లీషు, బెల్లం మండీలో మూటల మధ్య కన్నడం నేర్చుకున్నవాణ్ణి. నా అగ్రిమెంట్లు నేనే రాస్తాను. నేను రాసిన అగ్రిమెంటు మీద ఇంతవరకూ ఎవరూ కోర్టుకు పోలేదు.

పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియా ఇంజనీర్లు దిగారు. మనకు ఇది సొంత ఊరు, వాళ్ళకు పరదేశం. పరదేశంలో ఇల్లు తీసుకోవడం సులభమే, వదిలిపెట్టడం దగ్గరే అసలు తంటా. మా వృత్తిలో దానికొక పద్ధతి ఉంది. ఇంట్లో దిగేటప్పుడు కొన్ని నెలల బాడిగ ఓనరు దగ్గర ఉంచుతారు, అది అడ్వాన్సు. పోయేటప్పుడు నెల ముందు రాసివ్వాలి, అది నోటీసు పీరియడ్. ఆఖరి రోజు ఓనరు తాళంచెవి తీసుకొని, రంగుల ఖర్చుకు ఒక నెల బాడిగ పట్టుకొని మిగతా అడ్వాన్సు చేతిలో పెట్టాలి, అది హ్యాండోవర్. నోటీసు గడువు దాటి ఒక్క రోజున్నా ఇంకో నెల బాడిగ కోత.

కాగితం మీద ఇంతే. బయట జరిగేది వేరు. మేకు గుంతకు ఒక కోత, కొళాయి కారితే ఒక కోత, చివరికి పోయేవాడి చేతిలో పెట్టడానికి ఓనరు దగ్గర నవ్వు తప్ప ఏమీ మిగలదు. అట్లాంటి ఓనర్లను చూస్తే నాకు ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది. అందరినీ వాళ్ళతో ఒకే గాటన కట్టి, ఇండియాలో అడ్వాన్సు పోతే పోయినట్టేనని ఫ్యాక్టరీ క్యాంటీన్లో చెప్పుకొనేవాళ్ళను చూస్తే ఇంకా మండుతుంది.

పార్కు సారు కూడా ఆ మాట విన్నాడు. ఆయనా కొరియా ఇంజనీరే, ఫ్యాక్టరీలో కార్లకు రంగులు వేసే పెయింట్ షాపులో. తెలుగు మన కూలీల దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి అచ్చం మన యాసే వచ్చింది. పెనుకొండలో ఆయనకు ఇల్లు చూపించిన రోజే నన్నడిగాడు:

"ఓబులేసన్నా, దుడ్లు వాపసు వస్తాదా?"

"వస్తాది సారూ. నా మాట."

ఆ ఇల్లు రామలక్ష్మమ్మది. ధర్మవరంలో రెండు మగ్గాలు పెట్టుకొని, భర్త పోయాక కూడా చీర వెంట చీర నేసి అమ్మి, ఆ సంపాదనతో పెనుకొండలో కట్టిన మేడ. కింద దర్జీ మస్తాన్‌వలి అంగడీ కాపురమూ, పైన బాడిగ ఇల్లు. అంతకు ముందున్నవాడు అడ్వాన్సు తీసుకొని, తాళంచెవి రేపిస్తానని చెప్పి మాయమయ్యాడు. తలుపు పగలగొట్టించాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఆమె ఒకటే పట్టు: ముందు తాళంచెవి, తర్వాతే దుడ్లు.

పార్కు సారు బదిలీ మీద తన దేశం పోవాల్సి వచ్చింది. నెల ముందే పద్ధతిగా నోటీసు రాసిచ్చాడు. గడువు గురువారంతో తీరుతుంది, ఆ రాత్రికే బెంగళూరులో విమానం. ఇక్కడి బ్యాంకు ఖాతా మూసేశాడు కాబట్టి అడ్వాన్సు చేతికే రావాలి. అంతా సరిగ్గా ఉందనుకుంటే, మంగళవారం సాయంత్రం కంపెనీవాళ్ళు టికెట్టు శుక్రవారానికి మార్చారు.

చూడ్డానికి ఒక్క రోజే. కానీ శుక్రవారం రామలక్ష్మమ్మ ఇంట్లోంచి డబ్బు గడప దాటదు. ధర్మవరంలో చీరల బేరం చేసేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. గురువారం తాళంచెవి ఇచ్చేస్తే పార్కు సారుకు పడుకోవడానికి చోటు లేదు. అది పెండ్లిళ్ళ వారం. పెనుకొండలోనూ హిందూపురంలోనూ లాడ్జీలన్నిటికీ ఆ రాత్రే ఫోన్లు చేశాను, ఒక్క గదీ దొరకలేదు. శుక్రవారం దాకా ఉంటే గడువు దాటుతుంది, నేను రాసిన షరతే ఆయన మెడకు చుట్టుకుంటుంది.

పార్కు సారుకు ఫోనులో విషయం చెప్పాను.

"క్యాంటీన్లో నిజమే చెప్పినారు అన్నా," అన్నాడు.

ఆ మాట నాకు చెంపదెబ్బలాగే తగిలింది. బుధవారం పొద్దున మొదటి రైలుకే ధర్మవరం పోయాను.

రామలక్ష్మమ్మ మగ్గం గుంతలో కూర్చొని నేస్తోంది. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"ఏమప్పా ఓబులేసూ, పొద్దున్నే దిగబడితివి. ఎవురి కొంప ఖాళీ చేపిస్తాండావు?"

"నీదే అక్కా." సంగతంతా చెప్పాను. "ఒక్క పొద్దు. దుడ్లు గురువారం ఇచ్చేయి. తాళంచెవి శుక్రవారం నేను తెచ్చిస్తా. మధ్యలో నేనుండా గదా."

"నువ్వు మధ్యలో ఉండేదే నాకు దిగులు. నీకు కమీషన్ రెండు పక్కలా వస్తాది. నాలికె గూడా రెండు పక్కలా తిరుగుతాది."

"నా నాలికె తిరిగింటే ఈ పాటికి నాకూ మేడ ఉండేది అక్కా. ఇంగా బాడిగ కొంపలోనే ఉండా."

ఆమె నవ్వింది గానీ పట్టు వదల్లేదు. "తాళంచెవి రాకుండా దుడ్లియ్యను. సుక్కురారం అసలే ఇయ్యను. గడువు దాటితే కోత. నువ్వు రాసిందే గదప్పా."

"నేను రాసిందే. కాదనను. ఆయప్పకు మాటిచ్చింది గూడా నేనే. రేపు ఆ మాట పోతే, ఈడ అందరూ దొంగలే అనుకుంటా పోతాడు. నన్నొక్కణ్ణే అంటే పడతా. నిన్ను గూడా అంటాడు."

మగ్గం ఆగింది.

"నువ్వు చీరలు అమ్మను పోయేటప్పుడు, బయల్దేరే పొద్దు మంచిది కాకపోతే ఏం చేస్తావక్కా?" అని అడిగాను.

"ముందునాడే సంచి పక్కింట్లో పెట్టిపోతా. ప్రస్థానం. సంచి బయటపడినాక మనిషి పోయినట్టే లెక్క. మర్నాడు ఏ పొద్దుకు పోయినా తప్పు లేదు." ఆ మాట అన్నాక నా వైపు తిరిగి చూసింది. మిగతాది ఆమె నోటితోనే రావాలని నా ఆశ.

"ఆయప్ప సంచి గురువారం మస్తానింట్లో పెట్టించు," అంది నెమ్మదిగా. "ఆ పొద్దే ఖాళీ చేసినట్టు. తాళంచెవి నా చేతికి, దుడ్లు ఆయప్ప చేతికి."

"మరి రాత్రికి ఆయప్ప యాడ పండుకుంటాడు?"

"యాడంటే? నా ఇంట్లో. బాడిగకుండేవాడు గురువారమే పోయె గదా. రాత్రికి వచ్చేది సుట్టం. సుట్టానికి గడువేంది, కోతేంది?"

గురువారం మధ్యాహ్నం రాహుకాలం గడిచాక పార్కు సారు సంచి మెట్లు దిగి మస్తాన్‌వలి అంగట్లో కుట్టుమిషను పక్కకు చేరింది. ఎందుకో ఆయనకు విడమరచి చెప్పాను. తల ఊపి, పైకి పోయి, తాళంచెవిని రెండు చేతుల్లో పెట్టుకొని, వంగి, అప్పటికే ధర్మవరం నుంచి వచ్చి పైన ఉన్న రామలక్ష్మమ్మకు అందించాడు. వాళ్ళ దేశంలో పెద్దలకు ఇచ్చే పద్ధతి అదేనట. డబ్బు కుడిచేత్తో ఇవ్వబోతున్న ఆమె ఆగి, ఎడమచెయ్యి కూడా దానికి ఆనించి ఇచ్చింది.

రంగుల ఖర్చు మాత్రం పట్టుకొనే ఇచ్చింది. గోడ మీద ఒక్క మేకు గుంత లేదు, ఒక్క మరక లేదు. కొంచెం తగ్గించమని నేను అడిగాను.

"రాసింది రాసినట్టే," అందామె.

"సరే అవ్వా, రూలే గదా," అన్నాడు పార్కు సారు. కార్లకు రంగులు వేయించేవాడు, గోడల రంగుకు బేరమాడలేదు.

ఆ రాత్రి ఆమె మస్తాన్‌వలి భార్య దగ్గర పడుకుంది, పార్కు సారు పైన పడుకున్నాడు. శుక్రవారం ఉదయం కారు వచ్చాక ఆయన ఎక్కబోతుంటే రామలక్ష్మమ్మ ఆగమంది. పళ్ళెంలో పసుపు, కుంకుమ, వాటి పక్కన జరీ అంచు పట్టుచీర. ఆమె సొంత మగ్గం మీద నేసింది. రంగుల కోత దాని ముందు ఏ మూలకు?

పార్కు సారు తికమక పడ్డాడు. "నిన్న దుడ్లు పట్టుకుంటివి. ఈ పొద్దు చీర ఇస్తాండావు. ఎందుకవ్వా?"

"నిన్న నువ్వు బాడిగకుండేవాడివి. ఈ పొద్దు సుట్టం. సుట్టాన్ని ఉత్త చేతుల్తో పంపిస్తారా యాడన్నా? నీ పెండ్లానికియ్యి."

"సుక్కురారం బయటికి పోవచ్చా అక్కా?" అని నేను మేలమాడాను.

"దుడ్లు పోగూడదు. పసుపు కుంకుమతో చీర పోతే ఇంటికి మంచిదే. నీకు తెలీనివి శానా ఉండాయప్పా."

ఒకటి మాత్రం నాకు అప్పుడే తెలిసింది. ధర్మవరం నుంచి గురువారం ఆమె తెచ్చిన చేతిసంచిలోనే ఆ చీర ఉంది. అంటే రంగుల కోత పట్టుకొనేటప్పటికే, ఇవ్వాలన్న నిర్ణయం ఆమె మనసులో ఉందన్నమాట. మా వాళ్ళను దొంగలన్నవాళ్ళకు ఇంతకన్నా జవాబు నేను చెప్పనక్కరలేదు.

ఈ కేసు నాకు నేర్పింది ఇది: షరతు రాయడానికి ఇంగ్లీషు చాలు. ఆ షరతు నిలబడాలంటే దాన్ని పాటించేవాళ్ళ వారాలూ వర్జ్యాలూ తెలిసి ఉండాలి. ఆ తర్వాత నేను రాసిన ప్రతి అగ్రిమెంటులోనూ హ్యాండోవర్ మంగళ, శుక్రవారాల్లో పెట్టకూడదన్న వాక్యం ఉంటుంది. చదువుకున్న ఓనర్లు కొందరు నవ్వుతారు, నవ్వి సంతకం చేస్తారు.

పార్కు సారు పోయాక ఫ్యాక్టరీ నుంచి కొత్త కొరియా కుర్రవాడొకడు నా మెట్లెక్కాడు. తెలుగు ఇంకా సరిగా రాదు. అడ్వాన్సు వాపసు వస్తాదా అని అడగలేదు. గోడ మీది క్యాలెండరు దగ్గరికి నేరుగా పోయి, వేలితో ఒక గడి చూపించి, నేర్చుకొచ్చిన మాట జాగ్రత్తగా పలికాడు:

"అన్నా, ఈ పొద్దు పోవచ్చా?"