తడబాటు టీచరమ్మ

మా పేట ఆరోగ్య కేంద్రంలో కడుపుతో ఉన్నవాళ్ళకి పాఠాలు చెప్పే టీచరమ్మకి ఏ పనీ మొదటిసారి సరిగ్గా చేయడం రాదు. బొమ్మకి డైపరు వేస్తే వెనకది ముందుకొస్తుంది. చొక్కా తొడిగితే మెడలోంచి చెయ్యి బయటికొస్తుంది. పసిబిడ్డని గుడ్డలో ఎలా చుట్టాలో చూపిస్తానని మొదలుపెట్టి, తన కళ్ళజోడు కూడా అందులో కలిపి చుట్టేసి, ఆనక గదంతా వెతుక్కుంటుంది. తడబాటు టీచరమ్మ అని పేటంతా పిలిచేవాళ్ళు. ఆ పేరు పెట్టింది నేనే.

నేను అక్కడికి వెళ్ళింది మా కోడలికి తోడుగా. మా కోడలు సిటీ బస్సు నడుపుతుంది. యాభై మందిని ఎక్కించుకుని సందు మలుపులో లారీకి ఎదురుపడితే, కిటికీలోంచి ఒక్క చూపు చూసి లారీనే వెనక్కి నడిపించే మనిషి. అలాంటిది నెలలు నిండుతున్నకొద్దీ మొహంలో రంగు పోయింది.

"అత్తయ్యా, ఇంట్లో అందరికంటే చిన్నదాన్ని నేను. ఒక్కసారి కూడా చంటిపిల్లని ఎత్తుకోలేదు. చేతిలోంచి జారిపోతే?"

"నేనున్నానుగా. నలుగుర్ని పెంచాను. నువ్వు హాయిగా కూర్చో, అంతా నేను చూసుకుంటా" అన్నాను. మంచి మాటే అన్నాననుకున్నాను.

మా వాడికి కళ్ళజోళ్ళ దుకాణంలో సాయంత్రాలు తీరదు. అందుకని పాఠాలకి నేను బయల్దేరాను. నిజం చెప్పొద్దూ, వాడికి తీరినా నేనే వెళ్ళేదాన్ని. నలుగురు చేరేచోట ఏం జరుగుతోందో తెలియకపోతే నాకు అన్నం సహించదు.

కేంద్రం మేడమీద హాలు. గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీలు, ఎనిమిది జంటలు, బల్లమీద ఆరు బొమ్మలు. వాటిలో ఒకదానికి కన్ను మూసుకోదు. మొదటి రోజు టీచరమ్మ ఆ బొమ్మనే తీసుకుని డైపరు తిరగేసి వేసింది. అంటించింది. ఇటు తిప్పి, అటు తిప్పి, "ఎక్కడో ఏదో తేడాగా ఉందే" అంది.

నాకు ఒళ్ళు మండింది. లేచాను. "టీచరమ్మా, అది..."

"పెద్దమ్మా, కాస్త ఆ కిటికీ తెరుస్తారా? గాలాడటం లేదు."

నేను కిటికీ తెరిచి వచ్చేసరికి, మూలన కూర్చుని ఫోనులో తల దూర్చిన ఒకాయన, ఇనుప గేట్లు అతికే పనివాడు, తల ఎత్తాడు. పెళ్ళాం బలవంతం మీద వచ్చాడని మొహం మీదే రాసి ఉంది. "అది తిరగబడిందమ్మా. జిగురు పట్టీలు వెనక నుంచి ముందుకి రావాలి" అన్నాడు.

"అవునా? నాకు అర్థం కావట్లేదు. మీరు వచ్చి వేసి చూపించండి."

కాలిన మచ్చలున్న ఆ మొరటు చేతులు బొమ్మని దూదిపింజలా పట్టుకున్నాయి. మరుసటి వారం నుంచి ఆయన ముందు వరసలో కూర్చున్నాడు. ఫోను పెళ్ళాం సంచిలోకి పోయింది.

అలా ఆరు వారాలు. టీచరమ్మ టబ్బులో నీళ్ళు పోసి, మోచెయ్యి పెట్టి వేడి చూడకుండానే బొమ్మని దించబోతే హాలంతా "ఆగండాగండి!" అని అరిచింది. బొమ్మని మెడకింద చెయ్యి పెట్టకుండా ఎత్తబోతే మా కోడలు కుర్చీలోంచి ఎగిరి వెళ్ళి పట్టుకుంది. ఎనిమిదో నెలలో! నేను నోరు తెరిచినప్పుడల్లా మాత్రం ఆవిడకి గాలి ఆడేది కాదు. మూడో వారానికి కిటికీలన్నీ తెరిచేశాను. నాలుగో వారం, "పెద్దమ్మా, చలిగాలి కొడుతోంది, కాస్త మూస్తారా?" అంది.

ఇక ఊరుకోలేక కింద డాక్టరమ్మ గదికి వెళ్ళాను.

"ఆవిణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చారమ్మా? బొమ్మకి చొక్కా తొడగడం రాదు!"

డాక్టరమ్మ రాసుకుంటూనే, "మీ కోడలు తొడుగుతుందా?" అంది.

"బ్రహ్మాండంగా తొడుగుతుంది. నిన్న టీచరమ్మకే నేర్పింది."

"మరింకేం?" అని గంట కొట్టి తర్వాతి మనిషిని పిలిచింది. ఈవిడ కూడా ఆ బాపతేననుకుని వచ్చేశాను.

మనవరాలు పుట్టింది. రెండుంబావు కిలోలు. ఇంటికి తెచ్చిన రోజు నుంచి నా కాలు ఒకచోట నిలవలేదు. కోడలు డైపరు అందుకుంటే, "ఇలా ఇవ్వు, చిటికెలో వేసేస్తా." చొక్కా తొడగబోతే, "అలా కాదే, చూడు." పాప ఏడిస్తే నేనే ముందు చేరేదాన్ని. నా భుజం మీద వేసుకోగానే ఊరుకునేది. వచ్చినవాళ్ళంతా, "అబ్బ, పెద్దావిడ చెయ్యి పడితే చాలు!" అనేవాళ్ళు. లోపల గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు?

మూడు వారాలు గడిచేసరికి కోడలు పాపని పాలకి మాత్రమే తీసుకునేది. దిండు నేను సర్దాలి, పాపని నేను అందించాలి, తాగగానే నేను తీసుకోవాలి. ఒకరోజు మధ్యాహ్నం గోడవైపు తిరిగి పడుకుని అంది.

"అత్తయ్యా, నాకు ఆరు నెలలు సెలవెందుకు? ఒంట్లో కాస్త కుదుటపడగానే డ్యూటీకి వెళ్ళిపోతా."

"అదేంటే? మరి పాప?"

"మీరున్నారుగా. నా చేతిలో ఏడుస్తుంది, మీ చేతిలో ఊరుకుంటుంది. దానికీ తెలిసిపోయింది నాకు రాదని."

బస్సు నడిపే పిల్ల గొంతు కాదది. నేను పాప తడిపిన గుడ్డలు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఆ మరునాడే టీచరమ్మ వచ్చింది. పురుళ్ళయినవాళ్ళ ఇళ్ళకి ఒకసారి వెళ్ళి చూసిరావడం ఆవిడ పనుల్లో ఒకటట. చెప్పులు విప్పుతూనే పాపని కాదు, కోడల్ని చూసింది. "నిద్ర పడుతోందా? వేళకి తింటున్నావా? ఊరికే ఏడుపొస్తోందా?" అని అడిగింది. మా కోడలు అన్నిటికీ తలే ఊపింది. "తీరిగ్గా స్నానం చేసి ఎన్నాళ్ళైందమ్మా? వెళ్ళు, నేను కూర్చుంటా" అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, కాస్త టీ పెడతారా?"

కిటికీ అననందుకు సంతోషించి వంటింట్లోకి వెళ్ళాను. వెళ్ళానే గానీ, తలుపు సందు వదల్లేదు. ఆవిడ చేతిలో నా మనవరాలు! ఈసారి బొమ్మ కాదు.

అంతలో పాప వీపుదాకా పాడు చేసుకుని కెవ్వుమంది. నేను పరిగెత్తబోయాను. టీచరమ్మ ఒకసారి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరనుకుంది కాబోలు, ఆ చేతులు కదిలాయి. ఏమని చెప్పను! ఒక చెయ్యి మెడ కింద, ఇంకో చెయ్యి తుడుస్తోంది, తీస్తోంది, వేస్తోంది. చొక్కా తనంతట తనే వెళ్ళి పాపకి పట్టినట్టు పట్టింది. గుడ్డ నాలుగు మడతల్లో, కాళ్ళు ఆడేంత వదులుగా, మూటకట్టినంత ఒద్దికగా చుట్టేసింది. పొయ్యి మీద నీళ్ళు ఇంకా మరగలేదు. పాప ఏడుపు మాని ఆవిడనే చూస్తోంది. నలుగుర్ని పెంచిన నా చేతులు ఆ చేతుల ముందు ఏ మూలకి?

స్నానాల గది గొళ్ళెం చప్పుడైంది.

టీచరమ్మ గబగబా ఆ గుడ్డ అంతా విప్పేసింది! కొసలు చిందరవందర చేసి, ఒక కొస పట్టుకుని తెల్లమొహం వేసుకుని నిలబడింది.

"అమ్మాయ్, ఈ కొస ఎటు పోవాలి? ఎంతసేపట్నుంచో తంటాలు పడుతున్నా."

కోడలు తడిజుట్టుతోనే ఆగిపోయింది. చూసింది. మూడు వారాల తర్వాత మా ఇంట్లో దాని నవ్వు వినపడింది. "ఇంకా ఇదే గొడవా టీచరమ్మా? జరగండి, జరగండి." కొస లాగింది, మడిచింది, చుట్టింది, ఎత్తి గుండెకి ఆనించుకుంది. పాప కిక్కురుమనలేదు. ఎవరి సాయమూ లేకుండా అంతా తనే చేశానని కోడలు గమనించలేదు. నేనూ, టీచరమ్మా గమనించాం.

ఆవిడ వెళ్తుంటే గేటు దాకా వెంటపడ్డాను. "నేను చూశాను" అన్నాను.

"మీరు చూస్తారనుకున్నా" అంది నిట్టూర్చి. "ఇరవై రెండేళ్ళు కాన్పుల వార్డులో నర్సుగా చేశాను పెద్దమ్మా. పాఠాలు మొదలుపెట్టిన కొత్తలో చాలా చక్కగా చేసి చూపించేదాన్ని. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇళ్ళకెళ్ళాక ఫోన్లు చేసేవాళ్ళు, 'మీలాగా నాకు రావట్లేదు' అని ఏడుస్తూ. చప్పట్లు నాకు, ఏడుపు వాళ్ళకి. నాకంటే వాళ్ళకే బాగా వచ్చనిపిస్తే ఆ ఫోన్లు తగ్గాయి."

"ఆరు వారాలూ అబద్ధమేనా!"

"అన్నీ కాదుగా. ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలో చెప్పేటప్పుడు ఎప్పుడైనా తడబడ్డానా?"

అప్పుడు తట్టింది. బిడ్డ పాలు తాగకపోతే, ఒళ్ళు కాలిపోతుంటే, తల్లికి రక్తం ఆగకపోతే అని చెప్పిన రోజు ఆవిడ గొంతు గంట కొట్టినట్టుంది. ఒక్కొక్కరి చేత తిరిగి చెప్పించింది, నా చేత కూడా.

"ఎవరికీ చెప్పకండి పెద్దమ్మా."

నాతోనా ఆ మాట! పేటలో ఏ ఇంట్లో కుక్కరు ఎన్ని కూతలు వేసిందో నా నోటి నుంచే మిగతావాళ్ళకి తెలుస్తుంది. అయినా నాలుక కరుచుకుని ఏడేళ్ళు ఆగాను. ఇప్పుడావిడ ఆ పని మానేసి వేరే ఊళ్ళో ఉంది కాబట్టి రాస్తున్నాను.

మర్నాడు పొద్దున పాపకి చొక్కా మార్చాలి. కోడలు అలవాటుగా నాకు అందించింది. నేను తీసుకుని ఇటు తిప్పాను, అటు తిప్పాను. నటన నాకేం వచ్చు?

"ఏమేవ్, దీనికి చేతులెక్కడున్నాయే?"

"అదేంటి అత్తయ్యా? ఒంట్లో బాగుందా?" కోడలు నా నుదురు పట్టుకుని చూసింది.

"ఈ కొత్తరకం చొక్కాలు నాకు అంతుపట్టడం లేదు."

చొక్కా నా చేతిలోంచి లాక్కుంది. మొదటి చెయ్యి దూర్చేసరికి పాప గుక్కపట్టింది. నా చేతులు వాటంతటవే లేచాయి. రెంటినీ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చున్నాను. అంత కష్టమైన పని నా జన్మలో చేయలేదు. కోడలు "అయిపోయిందమ్మా, అయిపోయింది, వచ్చే స్టాపులో దిగిపోదాం" అంటూ రెండో చెయ్యి దూర్చింది, గుండీలు పెట్టింది, భుజానికెత్తుకుంది. ఏడుపు కాస్త కాస్తగా సన్నబడి ఆగింది.

"మరి డ్యూటీకి ఎప్పుడు చేరతావు?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"సెలవు మధ్యలో ఎలా వెళ్ళను? మీకు చొక్కా తొడగడం కూడా రావట్లేదు" అంది.

నలుగుర్ని పెంచిన నేను, "అవునమ్మా, రావట్లేదు" అన్నాను.